మూడో నమూనా

నాలుగోసారి నీళ్లు పోసి, అడుగు సన్నగా మొనదేలిన పొడవాటి గాజు పాత్రను కిటికీ గట్టు మీద పెట్టి, ఇక దాన్ని ముట్టుకోకూడదు కాబట్టి రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది జూరా. గోడ గడియారంలో తొమ్మిదింపావు. కింద ఆస్పత్రి గేటు దగ్గర కొడుకు మెదెర్ కారు అద్దం తుడుస్తున్నాడు, తుడిచిందే మళ్లీ తుడుస్తున్నాడు, పదకొండుకల్లా బయలుదేరితే తప్ప సాయంత్రంలోగా కనుమలు దాటి రాజధాని ఆస్పత్రిలో పిల్లను చేర్చలేడు. పాత్రలో మురికి నీళ్లు మెల్లగా తేరుకుంటున్నాయి. తేలికైనది పైన ఉండిపోతుంది, బరువైనది దిగుతుంది, మనిషి కార్జంలో చేరే జలగపురుగు గుడ్డు బరువైనది, ఉంటే దిగుతుంది, ఉంటే. పదిహేను నిమిషాలు ఆగాలి, పై నీళ్లు ఒంపెయ్యాలి, మళ్లీ కొత్త నీళ్లు, మళ్లీ పదిహేను నిమిషాలు, నీళ్లు తేటబడేదాకా ఇంతే, దీనికి దగ్గరి దారి లేదు. అందులో ఉన్నది కనిషాయ్ పొద్దున ఇచ్చిన మలం. వచ్చే శరత్తులో మెదెర్ పెళ్లి చేసుకోబోయే పిల్ల. అత్తలన్నవాళ్లు కాబోయే కోడలి వంటకు వంక పెడతారు, నడకకు వంక పెడతారు, ఆ పిల్ల మలానికి ఇలా కాపలా కాసిన అత్త మాత్రం ఈ కొండల్లో నేనొక్కదాన్నే అయ్యుంటాను అనుకుంది జూరా, నవ్వు రాబోయింది, రాలేదు.

"కూర్చో జూరా," అంది పక్క బల్ల దగ్గర రాయ్‌కాన్, మైక్రోస్కోపులోంచి కన్ను తియ్యకుండానే. రాయ్‌కాన్ రక్తం చూస్తుంది, జూరా మలం చూస్తుంది, ముప్ఫై ఏళ్లుగా ఒకే గదిలో ఇద్దరూ. "నువ్వు నిలబడ్డంత మాత్రాన గుడ్లు గబగబా దిగవు. కోడి కూడా కూర్చునే పొదుగుతుంది."

"నీ రక్తం నువ్వు లెక్కపెట్టుకోవే తల్లీ."

"పెట్టేశాను. మీ కోడలి తెల్ల కణాల్లో పురుగుంటే పెరిగే రకం మళ్లీ ఎక్కువే కనబడింది."

ఎక్కువే ఉంటుంది, ఈ లోయలో ఎవరికి తక్కువ, గొర్రెల మధ్య పుట్టి కుక్కలతో ఆడుకుని పెరిగిన ప్రతి మనిషి రక్తంలోనూ అవి ఎక్కువే, రాయ్‌కాన్ చెయ్యి చాపితే రాయ్‌కాన్ రక్తంలోనూ ఎక్కువే, దాన్ని చూసి ఏ సర్జనూ కత్తి కింద పెట్టడు. ఈ ఆస్పత్రి సర్జనుకు గుడ్డు కావాలి. కంటికి కనబడే గుడ్డు, కాగితం మీద సంతకం. బుధవారం స్కానింగులో పిల్ల పిత్తనాళంలో ఏదో అడ్డం పడినట్టు కనిపించింది, గడ్డ కావచ్చు, ఇరవై రెండేళ్లకు గడ్డ ఏమిటండీ అంటే ఇరవై రెండేళ్లకూ వస్తుంది అన్నాడు, వస్తే ఆగకూడదు, రేపు, మంగళవారం పొద్దున పొట్ట తెరవాలి, రాజధానిలో మంచం కూడా చెప్పి ఉంచాడు. "పురుగని మీరు రాసిస్తే నేను కోతకు పంపను, మాత్రలు తెప్పిస్తాను, రెండు రోజుల మందు అక్కా, కానీ ఖాయంగా రాసివ్వాలి." గడ్డయితే ఆ పిల్లకు ఎంత కాలం ఉంటుందో అతను చెప్పలేదు, జూరా అడగలేదు. కిటికీలోంచి చూస్తే మెదెర్ ఇప్పుడు చక్రాల దగ్గర కూర్చుని ఉన్నాడు. వాడు కారును ఇంత శుభ్రంగా ఎప్పుడూ ఉంచలేదు.

ఐదోసారి నీళ్లు. పై నీళ్లు ఒంపుతుంటే పాత్ర అంచున సన్నని పసుపు మరక నిలిచింది, ఆ రంగు చూడగానే మళ్లీ ఆ కిటికీ, ఆ ఆదివారం. ఇవాళ సోమవారం, అది జరిగి ఎనిమిది రోజులు. కనిషాయ్ వాళ్లింట్లో పరుపుల వరస మీద రెండు వైపుల పెద్దలూ కూర్చున్నారు, తను తెచ్చిన వెండి కమ్మలు పిల్ల చెవులకు పెట్టాలి, అది మగపిల్లవాడి తల్లి చేతి పని. పిల్లను వెలుతురులోకి లాక్కుని చెవి తమ్మె పట్టుకుంది, బయట ఇంకా మంచు కరగలేదు, ఆ తెల్లటి వెలుగు సూటిగా కంట్లో పడింది, కంటి తెలుపు తెల్లగా లేదు. పాత వెన్న రంగులో ఉంది. ఎవరూ చూడలేదు, చూసినా వాళ్లకు తెలియదు, ముప్ఫై ఏళ్లు రంగులు చూసి బతికిన దానికి తెలియకుండా ఎలా ఉంటుంది. కమ్మ పెట్టే చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "నొప్పిగా ఉందా?" అంది. "లేదు అపా," అంది పిల్ల. ఆ రోజే మొదటిసారి అపా అని పిలవడం, అమ్మా అని, అంతకు ముందు వారం దాకా అక్కా అని పిలిచేది, ఆ పిలుపుకు తనే సిగ్గుపడి మెడ దాకా ఎర్రబడింది. ఆ ఎర్రదనం కింద కూడా పసుపే ఉందని జూరాకు తెలుసు.

అప్పుడే పళ్లెం వచ్చింది. కార్జం ముక్కలు, తోక కొవ్వు ముక్కలు, పైన ఉప్పు చారు. వియ్యంకులు ఒకరి నోట్లో ఒకరు పెట్టుకుంటారు, అది తిన్నాక మాట వెనక్కి తీసుకోవడం ఉండదు, తాతల నాటి నుంచి అంతే. పెళ్లికూతురికి అందులో భాగం లేదు, పెళ్లికూతురు తలుపు దగ్గర నిలబడి టీ పొయ్యాలి. కానీ ఇవాళ తన కంటికి కనబడిన పసుపు రేపు అందరికీ కనబడుతుంది, ఆడపడుచులు గుసగుసలు మొదలుపెడతారు, రోగిష్టి పిల్ల, ఇంకా పెళ్లి కాలేదు కదా, ఇప్పుడైతే మించిపోయింది లేదు, అంటారు, అనక మానరు, వాళ్లను తనకు తెలియదా. కొవ్వు ముక్క మీద కార్జం ముక్క పెట్టి, తలుపు దగ్గరికి నడిచి వెళ్లి, పిల్లను నోరు తెరవమని తన చేత్తో పెట్టింది. "ఇప్పటి నుంచే గారాబం మొదలెట్టావా?" అని ఎవరో అంటే అందరూ నవ్వారు. కనిషాయ్ కళ్లు పెద్దవి చేసి నమిలింది. నువ్వు ఇక మా మనిషివి, నీ ఒంట్లో ఏమున్నా మా మనిషివే అని చెప్పడానికి ఆ ఘడియలో జూరాకు ఇంకో దారి తోచలేదు. తోచి ఉంటే బాగుండేది.

ఎందుకంటే జూరా పేరే ఈ జిల్లాలో కార్జం జూరా. నమూనా తెచ్చిన ప్రతివాణ్నీ, ముసలీ ముతకా, పోలీసు, నమాజు చేయించే ముల్లా, ఎవరైనా సరే, ముందు అడిగేది ఒకటే, మూడు రోజుల్లో కార్జం తిన్నావా? గొర్రె కార్జంలో జలగలుంటాయి, జలగల గుడ్లుంటాయి, ఉడికిన కార్జంతో పాటు ఆ గుడ్లు కడుపులోకి పోయి, ఎవరికీ ఏ హానీ చెయ్యకుండా, దారిన పోయే బాటసారుల్లా మనిషిలోంచి బయటికి నడిచి వచ్చేస్తాయి. మైక్రోస్కోపు కింద అవీ గుడ్లే. మనిషిలో కాపురం ఉన్న జలగ పెట్టిన గుడ్డుకూ వీటికీ తేడా చూసి చెప్పగల మొనగాడు ఇంకా పుట్టలేదు. సంతలో ఎదురైనవాళ్లు దూరం నుంచే అరుస్తారు, "జూరా అక్కా, ఇవాళ కార్జం తిన్నాను, నన్ను పట్టుకోకు!" అని. అలాంటిది, ఆదివారం తన చేత్తో పెట్టి, సోమవారం పిల్లను పిలిచి డబ్బా ఇచ్చి, మంగళవారం స్లైడు మీద గుడ్డు కనబడగానే, బంగారు గోధుమ రంగులో, ఒక కొసన మూతతో, ఆహా దొరికింది అని కుర్చీలోంచి లేచి, రెండో గుడ్డు కూడా చూసి, కాగితం మీద సగం రాసి, అప్పుడు గుర్తొచ్చింది. కలం అక్కడే ఆగింది. ఆ సగం కాగితం ఇప్పటికీ బల్ల సొరుగులో ఉంది. సర్జన్ దగ్గరికి వెళ్లి చెప్పక తప్పలేదు. "ఊరంతటికీ చెబుతారు, మీరే పెట్టారా అక్కా?" "నేనే పెట్టాను." ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో అంత చిన్నబోయిన రోజు ఇంకొకటి లేదు.

లేదా, ఉంది. ఇంకొకటి ఉంది. నీళ్లు తేరుకుంటున్నాయి, ఇంకో ఎనిమిది నిమిషాలు, కళ్లు అటు పెట్టినా మనసు ఇటే పోతుంది, మామగారు ఓస్మోన్, గుమ్మంలోకి వస్తూ దగ్గి మరీ వచ్చే మనిషి, కోడలు తలకు గుడ్డ సర్దుకునే వేళ ఇవ్వాలని. పెళ్లయ్యాక చదువెందుకు అని అత్తగారు అంటే, "గొర్రెకు రోగమొస్తే పట్నం నుంచి డాక్టరు వస్తాడు, మనిషికొస్తే ఎవరున్నారు, చదవనీ," అని తనే బండి కట్టి నర్సుల స్కూలు దాకా దింపాడు. ఆయనకు కామెర్లు వచ్చాయి, చిక్కిపోయాడు. జూరాకు అప్పటికి ఉద్యోగం వచ్చి ఆరేళ్లు. నమూనా చూసింది, గుడ్లు కనబడ్డాయి, ఒకటి కాదు పది కనబడ్డాయి, సంతోషం పట్టలేక పరుగెత్తింది, జలగలని రాసింది, మందు వచ్చింది, ఆయన మూడు నెలలు మాత్రలు మింగి కనబడిన ప్రతివాడికీ మా కోడలు కనిపెట్టిందని చెప్పుకున్నాడు. ఇంటికి పెద్దాయన. ఏ ఇంట్లో గొర్రె తెగినా కార్జంలో మొదటి ముక్క ఆయనకే. ఆ ముక్క పళ్లెంలో పెట్టి ఇచ్చింది చాలాసార్లు తనే, అయినా అడగలేదు, గుర్తు రాలేదు. గడ్డికోతల నాటికి కోసి చూసి, గడ్డ పాకిపోయిందని మళ్లీ కుట్టేశారు. మూడు నెలలు ముందు తెచ్చి ఉంటే ఏమైనా చేసేవాళ్లం అన్నారు. ఆ మూడు నెలలే. ఆయనకు తెలియదు, చివరి వారం కూడా నా కోడలి మందు వల్లే నొప్పి తక్కువగా ఉంది అన్నాడు, నొప్పి తక్కువగా లేదు, కోడలిని చిన్నబుచ్చడం ఇష్టం లేదు ఆయనకు, అంతే.

ఆ సంగతి జూరా ఒక్కరికే చెప్పింది, తనకు పని నేర్పిన ఎమ్మా గెన్రిఖోవ్నాకు. యుద్ధకాలంలో ఎక్కడి నుంచో పశువుల రైల్లో తెచ్చి ఈ లోయలో దింపేసిన జర్మను కుటుంబంలో పిల్ల, ఈ లోయ మనుషుల కడుపుల్లో ఏమేముందో ఈ లోయలో పుట్టినవాళ్లకంటే ఆవిడకే బాగా తెలుసు. తిడుతుందనుకుంది, తిట్టలేదు. సొరుగులోంచి కొత్త నోటుబుక్కు తీసి చేతిలో పెట్టి, రేపటి నుంచి ముందు ఏం తిన్నారో రాయి, తర్వాత ఏం కనబడిందో రాయి అంది. రెండే మాటలు. మనిషి అంతే, పొదుపుగా మాట్లాడేది, బొమ్మలు మాత్రం ఎడాపెడా వేయించేది. చూసిన ప్రతి గుడ్డునూ పెన్సిలుతో బొమ్మ వెయ్యాలి, నులిపురుగు గుడ్డు, బద్దెపురుగు గుడ్డు, కొరడాపురుగు గుడ్డు, ఇంకా గుడ్డు కానివి కూడా వెయ్యాలి, గాలిబుడగ, బంగాళాదుంప పిండి రేణువు, తేనె సీసా కడక్కుండా నమూనా తెస్తే అందులో తేలే పుప్పొడి. పుప్పొడి ఎంతమందిని మోసం చేసిందో. ఏది కాదో తెలిసిన రోజున నీకు పని వచ్చినట్టు అనేది. ఈ నీళ్ల పద్ధతి కూడా ఆవిడదే. ఇప్పుడు పైకి తేల్చి పట్టే మందులొచ్చాయి, పది నిమిషాల్లో అయిపోతుంది, కానీ జలగ గుడ్డు తేలదు, బరువు, అడుగునే పడి ఉంటుంది, దానికి నీళ్లూ ఓపికా తప్ప వేరే మందు లేదు. శుక్రవారం రెండో నమూనాను జూరా హడావిడిగా చేసింది, చిటికెడే తీసుకుంది, ఏమీ కనబడలేదు. కనబడకపోతే రెండే అర్థాలు. తను సరిగ్గా చెయ్యలేదు, లేదా మంగళవారం నాటి గుడ్లు తన చేత్తో పెట్టిన కార్జంలోవే, వచ్చాయి, వెళ్లిపోయాయి. అందుకే ఇవాళ పిడికెడు తీసుకుంది.

నీళ్లు తేటబడ్డాయి. కిటికీ అవతలి కొండ వాటిలోంచి వంకరగా కనిపిస్తోంది. పై నీళ్లు ఒంపేసింది, అడుగున వేలి గోరంత మడ్డి. గొట్టంతో పీల్చి ఒక చుక్క స్లైడు మీద, పైన పలుచటి అద్దం. గడియారం చూడకూడదనుకుని చూసింది, పదికి పన్నెండు నిమిషాలుంది. ఎడమ మూల నుంచి మొదలుపెట్టి, కుడి చివరి దాకా, ఒక చాలు కిందికి దిగి, మళ్లీ ఎడమకు, పొలం దున్నినట్టు. ఆకు పీచు. ఇంకో ఆకు పీచు. నూడుల్స్ పిండి రేణువులు, గుండ్రంగా, దొంగ మొహాలతో. ఆరు రోజులుగా నూడుల్స్, బంగాళాదుంపలు, రొట్టె, అంతే తినమంది, పిల్ల అలాగే అంది. గాలిబుడగ. మొదటి స్లైడు ఖాళీ. రెండోది. ఏదో మెంతిగింజ తొక్కలాంటిది. ఎక్కడ అంటుకుని ఉంటుంది ఈ జలగ, అంటుకునే ఉంటే, పోయిన ఎండాకాలం ఎత్తు బీళ్ల మీద ఉన్నారు వాళ్లు, ఊటబావి పక్క తడినేలలో అడవి చుక్కకూర మోకాలెత్తు పెరుగుతుంది, ఆడపిల్లలు గుర్రం దిగి ఆ పుల్లాకు తెంపి కడక్కుండా నమలకపోతే వాళ్లకు పొద్దు గడవదు, అక్కడే గొర్రెలు నీళ్లు తాగుతాయి, అక్కడే నత్తలు, నత్తల్లోంచి వచ్చిన జలగ పిల్లలు ఆ ఆకుకే అంటుకుంటాయి. "నువ్వు తిన్నావా చుక్కకూర?" అని అడిగితే, "తినకుండా ఎలా ఉంటారు అపా, మీరు తినలేదా?" అంది. తిన్నాను. నేనూ తిన్నాను, మా అమ్మా తిన్నది. రెండో స్లైడు ఖాళీ.

మూడు. నాలుగు. సొరుగులో సగం రాసిన కాగితం ఉంది, దాని మీద రెండు గుడ్ల బొమ్మలున్నాయి, నిజంగా చూసినవే, అబద్ధం కాదు. తేదీ మార్చితే చాలు. ఇవాళ ఈ చుక్కలో ఏముందో ఈ గదిలో తనకు తప్ప ఎవరికీ తెలియదు, రాయ్‌కాన్ కూడా చూడటం లేదు. రాసిస్తే కారు ఆగిపోతుంది, ఆ చిన్న పొట్ట మీద కత్తి పడదు, మెదెర్ ఊపిరి పీల్చుకుంటాడు, పిల్ల మాత్రలు మింగి అందరితోనూ మా అత్తగారు కనిపెట్టిందని చెప్పుకుంటుంది. చెప్పుకుంటుంది, మూడు నెలలు. జూరా సొరుగు వైపు చూడను కూడా లేదు, కానీ సొరుగు అక్కడే ఉందని వీపుకు తెలుస్తూనే ఉంది. ఐదో స్లైడు. భయంగా ఉంది, భయంతో చూసేవాళ్లకు ప్రతిదీ గుడ్డులాగే కనబడుతుంది, లేదా ఏదీ కనబడదు. కన్ను తీసి, చేతివేళ్లతో రెప్పలు నొక్కుకుని, కిటికీ బయటికి చూసింది. మెదెర్ కారు దగ్గర లేడు. పైకి వచ్చి ఉంటాడు, వసారాలో కనిషాయ్ పక్కన కూర్చుని ఉంటాడు, ఏం మాట్లాడాలో తెలియక బూటు కొనతో నేల గోకుతూ ఉంటాడు, చిన్నప్పటి నుంచి అంతే. ఆరో స్లైడు ఖాళీ.

ఏడోది. ఎడమ మూల, ఒక చాలు, రెండో చాలు, పీచు, బుడగ, మూడో చాలు సగంలో ఏదో పసుపుగా పక్కకు జారిపోయింది, స్క్రూ వెనక్కి తిప్పింది, పోయింది, మళ్లీ ముందుకు, ఉంది. కోడిగుడ్డు ఆకారం, నున్నటి పలుచని గోడ, లోపలంతా చిన్న చిన్న ఉండలు కిక్కిరిసి ఉన్నాయి, రంగు పలుచటి టీ రంగు. పుప్పొడి కాదు, పుప్పొడికి ముళ్లుంటాయి. పిండి కాదు. బుడగ కాదు, బుడగ అంచు నల్లగా మందంగా ఉంటుంది. వెలుగు తగ్గించింది. సన్నని కొసన, ఉండీ లేనట్టు, అడ్డంగా ఒక గీత. మూత. కంటి కటకంలో ఉన్న కొలత గీతల మీదికి దాన్ని తెచ్చి కొలిచింది, నూట నలభై మైక్రాన్లు. గొర్రెల్లో తిరిగే చిన్న రకం జలగదైతే ఇందులో మూడో వంతు కూడా ఉండదు. ఊరుకో, అనుకుంది, ఊరుకో, ఇంకోటి చూడు, అదే స్లైడులో నాలుగో చాలులో ఇంకోటి ఉంది. ఎనిమిదో స్లైడులో మరొకటి.

"రాయ్‌కాన్, ఇలా రా. నేనేమీ చెప్పను. ఏముందో నువ్వు చెప్పు."

రాయ్‌కాన్ వచ్చి కుర్చీలో కూలబడి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, చాలాసేపు చూసింది. ఆవిడ చూస్తున్నంతసేపూ జూరా ఆవిడ వీపు చూస్తూ నిలబడింది, అల్లిన నీలం చొక్కా, భుజం దగ్గర ఒక కుట్టు ఊడింది. "మూత కనబడుతోంది," అంది రాయ్‌కాన్ నెమ్మదిగా. తర్వాత గదంతా దద్దరిల్లేలా, "జూరా! కార్జపు జలగే ఇది! ఇంత పెద్దది! ఎనిమిది రోజులైంది, నువ్వు పెట్టిన ముక్క ఈపాటికి ఏ కాలువలోకి పోయిందో! ఇది పిల్లదే, దీని సొంత జలగే!" అని లేచి జూరా రెండు బుగ్గలూ పట్టుకుని ఊపేసింది. జూరా నవ్వుతోంది, ఎనిమిది రోజుల తర్వాత నవ్వు, ఒళ్లంతా తేలికైపోయింది, కాగితం తీసింది, కలం మూత తీసింది, పేరు, వయసు, తేదీ, ఆ తర్వాతి గడి, మూడు రోజుల్లో తిన్నది. తేదీ దగ్గరికి చూపు మళ్లీ పోయింది. నిన్న ఆదివారం. ఇవాళ ప్రయాణం. అంటే నిన్న వాళ్లింట్లో గొర్రెను కోసి ఉంటారు.

కొయ్యకుండా ఎలా ఉంటారు. పిల్లను కత్తి కిందికి పంపుతూ గొర్రెను కోసి నలుగురికి పెట్టి పెద్దల చేత దీవెన పలికించని ఇల్లు ఈ లోయలో ఉందా, తనే అయినా కోసేది, కోసిన ఘడియలో ముందుగా పొయ్యెక్కేది కార్జమే, అందులో మొదటి ముక్క ఎవరి కోసం కోశారో వాళ్ల నోట్లోనే. ఎవరికైనా గుర్తుంటుందా ఆ వేళ, పరీక్ష, మూడు రోజులు, జూరా చెప్పిన మాట? తనకే గుర్తుండలేదు. పెద్దవాళ్లు చేత్తో నోటి దాకా తెస్తే పిల్లలు కాదంటారా, అలా కాదన్న పిల్లను తను పుట్టిన తర్వాత చూడలేదు. కలం బల్ల మీద పెట్టేసింది. రాయ్‌కాన్ ఏదో అడుగుతోంది, వినబడలేదు. గుడ్డు నిజమే, కొలత నిజమే, మూత నిజమే, అంతా మళ్లీ ఒక కార్జం ముక్క మీద ఆగింది. తలుపు తీసుకుని వసారాలోకి నడిచింది.

బల్ల మీద కనిషాయ్ కూర్చుని ఉంది, ఒక పక్క మెదెర్, ఇంకో పక్క వాళ్లమ్మ సైరా, కాళ్ల దగ్గర ప్రయాణపు సంచి. పసుపు ఇప్పుడు బుగ్గల్లోకి కూడా వచ్చింది. ముగ్గురూ ఒక్కసారే లేచారు.

"కూర్చోండి. నిన్న మీ ఇంట్లో గొర్రెను కోశారా?"

కనిషాయ్ తల వంచుకుంది. సైరా అందుకుంది. "కోశాం వియ్యపురాలా, కొయ్యకుండా పంపిస్తామా?"

"కార్జం వేయించారా?"

"వేయించాం. ఆ సంగతి అడక్కండి, తల కొట్టేసినట్టయింది నాకు. మా అత్తగారు, ఎనభై రెండేళ్ల మనిషి, వణికే చేత్తో నోటి దాకా తెచ్చి పెడితే, మీ కోడలు మూతి ఇదిగో ఇలా బిగించుకుంది. బతిమాలాం, తిట్టాం, తెరవదే! చుట్టాలందరి ముందూ పెద్దావిడ ఏడ్చేసింది, నా దీవెనను కాలదన్నింది అని. మీరైనా కాస్త గడ్డి పెట్టండి."

"ఒక్క ముక్కా తినలేదా?" అంది జూరా. "చారు?"

"చారా? చారు కూడా వద్దంది. ఎండు రొట్టె పట్టుకుని దొడ్లో కుక్క పక్కన కూర్చుంది, అందరూ లేచేదాకా లోపలికి రాలేదు."

కనిషాయ్ తలెత్తింది. "మీరు వద్దన్నారు కదా అపా," అంది. "వాళ్లకు చెప్పినా వినరు, ఒక్క ముక్కకేమవుతుంది అంటారు. నోరు తెరిస్తే పెట్టేస్తారని తెరవలేదు. నాయనమ్మకు తర్వాత చెప్పుకుందామనుకున్నా. తర్వాత అంటూ ఉంటే."

జూరా వెళ్లి ఆ బల్ల మీదే, సంచి తన్ని పక్కకు నెట్టి, పిల్లను ఆనుకుని కూర్చుంది. రెండు చేతులతో ఆ పసుపు మొహం పట్టుకుంది. "జలగ తల్లీ," అంది. "నీ లోపల అడ్డం పడి కూర్చున్నది జలగ. గడ్డ కాదు. మూడు గుడ్లు చూశాను, రాయ్‌కాన్ కూడా చూసింది. మాత్రలిస్తారు, చచ్చి ఊరుకుంటుంది."

"అయ్యో జలగా!" అని సైరా హడలిపోయి చొక్కా కాలరు పట్టుకుంది. మెదెర్, "అయితే మంచిదేనా అమ్మా?" అన్నాడు.

"మంచిదేమిట్రా మొద్దూ, ఇంతకంటే మంచిది ఇంకేముంటుంది!"

"పొట్ట కొయ్యరా?" అంది కనిషాయ్, ఎవరినీ చూడకుండా.

"కొయ్యరు. ఇప్పుడే రాసిస్తాను, డాక్టరు బల్ల మీద నేనే పెడతాను. సాయంత్రం మీ ఇంటికొస్తాను, ముందు మీ నాయనమ్మ దగ్గరికి. కాళ్ల దగ్గర కూర్చుని చెబుతాను, నీ మనవరాలు నీ చేతి ముద్ద వద్దనబట్టే నాకు నిజం తెలిసింది అని." ఇంకా ఏదో చెప్పబోయింది, కానీ ఎనిమిది రోజులుగా స్కానింగు గదిలోనూ, సర్జన్ ముందూ, దొడ్లో కుక్క పక్కనా ఒక్క కన్నీటి బొట్టు కూడా రాల్చని పిల్ల అప్పుడు ఏడవడం మొదలుపెట్టింది. గట్టిగా, వసారాలో జనమంతా తిరిగి చూసేలా, జూరా తెల్లకోటు భుజం తడిసిపోయేలా ఏడ్చింది, జూరా ఆపమనలేదు.